ప్రమాణం ఒకటి, బ్రౌజర్లు అనేకం: సీఎస్ఎస్ పొంతన చర్చ ఎక్కడిదాకా వచ్చింది?

ఒక వెబ్‌పేజీ అన్ని బ్రౌజర్లలోనూ ఒకేలా కనిపించాలా? అలా కనిపించేలా చూసే బాధ్యత ఎవరిది? ఈ తగువు దాదాపు వెబ్ వయసంత పాతది. 1990ల చివర్లో సైట్లు చేసినవాళ్లు ఒకే పేజీని నెట్‌స్కేప్‌కు ఒకలా, ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌కు ఇంకోలా రెండుసార్లు రాసేవారు. ఇవాళ ఫ్రంట్-ఎండ్ పనిలోకి వస్తున్నవాళ్లలో చాలామంది క్రోమ్‌లో ఒకసారి చూసుకుని పని ముగిస్తున్నారు. దాంతో రెండు మాటలు వినిపిస్తున్నాయి. సమస్య తీరిపోయింది, పాత గొడవలు ఇంకా ఎందుకని కొందరు. తీరింది పైపైనే, లోపల ముదురుతోందని మరికొందరు. ఈ రెండు వాదాల వెనక ఉన్న చరిత్ర ఏమిటి, మధ్యలో ఏయే ధోరణులు పుట్టాయి, ఏది తేలింది, ఏది తేలలేదు అన్నది ఇక్కడ పరిశీలిద్దాం. తెలుగులో సైట్లు నడిపేవారికి ఇందులో నేరుగా తగిలే అంశాలున్నాయి. వాటిని చివర్లో విడిగా చూద్దాం.

పాఠకుడికీ వాటా ఉన్న ప్రతిపాదన

హెచ్‌టీఎంఎల్‌లో ఏది శీర్షిక, ఏది పేరా, ఏది లింకు అన్నదే ఉండాలి. అవి ఏ రంగులో, ఏ సైజులో కనిపించాలో వేరేచోట రాయాలి అన్న ఆలోచన మొదటినుంచీ ఉంది. దానికి నిలిచే రూపమిచ్చినవాడు నార్వేకు చెందిన హోకన్ వియుమ్ లీ. సెర్న్ పరిశోధనా సంస్థలో పనిచేస్తూ 1994 అక్టోబర్ 10న ఆయన క్యాస్కేడింగ్ స్టైల్‌షీట్ల (సీఎస్ఎస్) ప్రతిపాదన బయటపెట్టారు. అందులో ఇప్పుడు చాలామందికి తెలియని ఒక ఏర్పాటు ఉంది. ప్రతి నియమం పక్కనా అది ఎంత పట్టు కోరుతోందో శాతంలో రాయవచ్చు. పెద్ద శీర్షిక 24 పాయింట్లు, 100 శాతం. దాని కింది శీర్షిక 20 పాయింట్లు, 40 శాతం. మొదటిది పూర్తి పట్టు కోరుతోంది. రెండోదాంట్లో మిగతా 60 శాతం తర్వాత వచ్చే స్టైల్‌షీట్ చేతిలో ఉంటుంది. పేజీ రాసేవారికీ చదివేవారికీ మధ్య రాజీ కుదర్చడం సీఎస్ఎస్ పుట్టుకలోనే ఉందన్నమాట.

తర్వాత బెర్ట్ బాస్ ఆయనతో కలిశారు. 1996 డిసెంబర్ 17న సీఎస్ఎస్ మొదటి స్థాయిని వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్షియం, అంటే డబ్ల్యూ3సీ, సిఫార్సుగా ప్రకటించింది. శాతాల లెక్క అప్పటికే పోయింది. చదివేవారు తమ సొంత స్టైల్‌షీట్ పెట్టుకునే హక్కు మాత్రం నిలిచింది. 1998 మే నెలలో వచ్చిన సీఎస్ఎస్2లో ఆ హక్కు ఇంకా గట్టిపడింది: చదివేవారు 'ఇంపార్టెంట్' అని గుర్తుపెట్టిన నియమం పేజీ రాసినవారి నియమాన్ని దాటి చెల్లుతుంది. చూపు మందగించినవారికి ఇది చిన్న విషయం కాదు. అయినా క్రోమ్ ఆ సదుపాయాన్ని 2014లో తీసేసింది. పొంతన చర్చ అంతా డెవలపర్ల అవస్థల చుట్టూ తిరుగుతూ, చదివేవారి వాటాను దారిలో వదిలేసింది.

తొలి సీఎస్ఎస్‌లోని ఇంకో నియమం మాత్రం మిగతా కథ మొత్తాన్నీ మోసింది. బ్రౌజర్‌కు ఏదైనా ధర్మం (ప్రాపర్టీ) అర్థం కాకపోతే ఆ ఒక్క వాక్యాన్ని వదిలేసి ముందుకు సాగాలి; పేజీ ఆగిపోకూడదు. పాత బ్రౌజర్‌లో కొత్త పేజీ తెరుచుకోవడం ఇవాళ్టికీ ఈ నియమం చలవే.

పెట్టె కొలతల పంచాయితీ

ప్రమాణం ఖరారు కాకముందే, 1996 ఆగస్టులో, ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 3 సీఎస్ఎస్‌ను కొంతమేరకు అమలుచేసి బయటికొచ్చింది. నెట్‌స్కేప్ తన జావాస్క్రిప్ట్ స్టైల్‌షీట్లను ముందుకు తెచ్చి నెగ్గలేకపోయింది. తర్వాత నెట్‌స్కేప్ 4లో సీఎస్ఎస్‌ను జావాస్క్రిప్ట్ మీదే నిలబెట్టడంతో, జావాస్క్రిప్ట్ ఆపేస్తే స్టైల్స్ కూడా ఆగిపోయేవి. అక్కడ మొదలైన గందరగోళంలో దగ్గరగా చూడదగ్గది ఒక్కటి: పెట్టె వెడల్పు.

ఒక పెట్టెకు వెడల్పు 300 పిక్సెళ్లు అని రాశారు. లోపలి ఖాళీ రెండువైపులా 20, అంచు గీత రెండువైపులా 5. ప్రమాణం ప్రకారం 300 అన్నది లోపలి విషయానికే. తెరమీద పెట్టె 350 ఆక్రమిస్తుంది. విండోస్‌లోని ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 5 లెక్కలో 300 అంటే అంచుతో సహా మొత్తం. విషయానికి మిగిలేది 250. ఒక్కో పెట్టెకు 50 పిక్సెళ్ల తేడా. మూడు కాలమ్‌ల పేజీలో ఈ తేడా చాలు, మూడో కాలమ్ పక్కన చోటు చాలక కిందికి జారిపోతుంది.

దీనికి దొరికిన విరుగుడు ఆ కాలపు పనితీరును బాగా చూపిస్తుంది. టాంటెక్ చెలిక్ కనిపెట్టిన చిట్కాలో, తెరకు సంబంధమే లేని 'వాయిస్-ఫ్యామిలీ' అనే ధర్మంలో కొటేషన్ గుర్తు ముందు బ్యాక్‌స్లాష్ పెట్టి, ఆ పక్కనే నియమాన్ని మూసే బ్రాకెట్ రాసేవారు. దాన్ని చదవబోయి ఎక్స్‌ప్లోరర్ 5 ఆ నియమం అక్కడితో ముగిసిందనుకునేది; సరిగ్గా చదవగల బ్రౌజర్లు ఆ తర్వాత రాసిన అసలు వెడల్పును తీసుకునేవి. ఒక బ్రౌజర్ లోపాన్నే ఆసరా చేసుకుని దాని మరో లోపాన్ని దాటడం అన్నమాట. ఆయన బృందమే చేసిన మ్యాకింటాష్ ఎక్స్‌ప్లోరర్ 5 (2000 మార్చి) ఇంతకంటే నిలకడైన దారి చూపింది. పేజీ తలమీద సరైన డాక్‌టైప్ ప్రకటన ఉంటే ప్రమాణం ప్రకారం గీయాలి, లేకపోతే పాత అలవాటు ప్రకారం గీయాలి. 2001లో వచ్చిన ఎక్స్‌ప్లోరర్ 6 కూడా దీన్నే పాటించింది. ఆ 'క్వర్క్స్' పద్ధతి ఇప్పటికీ ప్రతి బ్రౌజర్‌లోనూ బతికే ఉంది.

ఈ పంచాయితీకి ఒక కొసరు ఉంది. సీఎస్ఎస్3లో 'బాక్స్-సైజింగ్' అనే ధర్మం వచ్చి ఏ లెక్క కావాలో ఎంచుకునే వీలు కల్పించింది. ఎంచుకునే వీలు రాగానే డెవలపర్లలో అత్యధికులు మైక్రోసాఫ్ట్ పాత లెక్కనే ఎంచుకున్నారు. పేజీ మొత్తానికి 'బార్డర్-బాక్స్' పెట్టడం ఇప్పుడు దాదాపు ప్రతి ప్రాజెక్టులోనూ మొదటి పని. కాబట్టి ప్రమాణం నెగ్గింది మెరుగైన ఆలోచన కావడంవల్ల కాదు. అందరూ ఒప్పుకున్న ఒక లెక్క ఉండటమే మేలు కాబట్టి నెగ్గింది. ముందు ఒప్పందం, తర్వాత సవరణ అనే ఆ వరస సరైనదే. తలొక దారినా పోయి ఉంటే ఆ సవరణకు కూడా చోటు దొరికేది కాదు.

మూడు ధోరణులు

ఈ గొడవల మధ్యే మూడు ఆలోచనా ధోరణులు స్పష్టపడ్డాయి. వీటికి గీతలు గీసుకున్న శిబిరాలంటూ లేవు. ఒకే మనిషి ఒక్కో సందర్భంలో ఒక్కో వైపు నిలబడ్డ ఘట్టాలూ ఉన్నాయి.

మొదటిది ప్రమాణవాదం. 1998లో జెఫ్రీ జెల్డ్‌మన్, గ్లెన్ డేవిస్, జార్జ్ ఓల్సెన్ మొదలుపెట్టిన వెబ్ స్టాండర్డ్స్ ప్రాజెక్ట్ దీని గొంతు. ప్రమాణం ముందు, బ్రౌజర్లు దాన్ని పాటించి తీరాలి అన్నది దీని పట్టు. యాసిడ్ పరీక్షలు వీరి ఆయుధం. 2005 నాటి రెండో యాసిడ్ పరీక్ష ఒక నవ్వు ముఖాన్ని గీయమంటుంది, సీఎస్ఎస్ అమలులో లోపముంటే ఆ ముఖం చెదిరిపోతుంది. డేవ్ షే 2003లో పెట్టిన సీఎస్ఎస్ జెన్ గార్డెన్ వాదనకంటే బాగా పనిచేసింది. హెచ్‌టీఎంఎల్ ఒక్క అక్షరం మారదు, స్టైల్‌షీట్ మారితే పేజీ రూపమే మారిపోతుంది. పట్టికలతో పేజీలు అల్లుతున్నవారిని మార్చింది ఆ ప్రదర్శనే.

రెండోది వాడుకవాదం. 2004లో యాపిల్, మొజిల్లా, ఒపెరా సంస్థలవారు కలిసి పెట్టుకున్న డబ్ల్యూహాట్‌డబ్ల్యూజీ దీనికి కేంద్రం. బ్రౌజర్లు నిజంగా ఏం చేస్తున్నాయో, వెబ్‌లో ఇప్పటికే ఉన్న పేజీలు వేటిమీద ఆధారపడి ఉన్నాయో అదే రాయాలి. పాటించని ప్రమాణం కాగితంతో సమానం అన్నది వీరి మాట. మన గ్రాంథిక, వ్యావహారిక వాదాలు తెలిసినవారికి ఈ తగువు కొత్తగా ఉండదు. సీఎస్ఎస్ పగ్గాలు డబ్ల్యూ3సీ దగ్గరే ఉన్నా, వాడుకవాదం అక్కడికీ చేరింది. 1998 నాటి సీఎస్ఎస్2లో ఎవరూ అమలుచేయని భాగాలను తీసేసి, బ్రౌజర్ల నడవడికకు తగ్గట్టు సరిదిద్దిన సీఎస్ఎస్ 2.1 సిఫార్సుగా మారడానికి 2011 జూన్ దాకా పట్టింది.

మూడోది మెట్లవారీ వాదం. 2003లో స్టీవ్ ఛాంపియన్, నిక్ ఫింక్ ప్రోగ్రెసివ్ ఎన్‌హాన్స్‌మెంట్ పేరుతో దీన్ని ప్రతిపాదించారు. అన్ని బ్రౌజర్లలోనూ ఒకేలా కనిపించాలన్న కోరికే తప్పు. అందరికీ విషయం అందాలి, శక్తి ఉన్న బ్రౌజర్‌కు మెరుగులు అదనంగా అందాలి అంటుంది. తెలియనిదాన్ని వదిలెయ్ అన్న తొలి నియమానికి ఇది సహజమైన కొనసాగింపు. ఒక ధర్మం బ్రౌజర్‌కు తెలుసో లేదో అడిగే 'అట్-సపోర్ట్స్' నియమం తర్వాత వచ్చి దీనికి పనిముట్టు అందించింది.

ఈ మూడింటినీ పక్కపక్కన పెడితే తేడా ఒకచోట తేలుతుంది: పొంతన కుదరనప్పుడు భారం ఎవరు మోయాలి? ప్రమాణవాదం బ్రౌజర్ కంపెనీ మోయాలంటుంది. వాడుకవాదం ప్రమాణం రాసేవారు మోయాలంటుంది. మెట్లవారీ వాదం డెవలపర్ తన కోరికను తగ్గించుకుని మోయాలంటుంది. మొదటిది కంపెనీలను కదిలించింది కానీ వాటి వేగాన్ని శాసించలేకపోయింది. రెండోది నిజాయితీగలది, కానీ బలమైన బ్రౌజర్ తప్పు చేస్తే ఆ తప్పే ప్రమాణమయ్యే ప్రమాదం దానిలో ఉంది. మూడోది చదివేవారికి ఎక్కువ మేలు చేసేది. ప్రాజెక్టు గడువులు ముంచుకొచ్చినప్పుడు ముందుగా వదిలేసేదీ దాన్నే.

ఈ ధోరణులు ఎంతగా కలగలిసిపోయాయో 2008 చూపించింది. ఎక్స్‌ప్లోరర్ 8 కొత్త ప్రమాణాలు పాటిస్తే పాత సైట్లు విరిగిపోతాయని మైక్రోసాఫ్ట్ భయపడింది. పేజీయే తనకు ఏ వెర్షన్ ప్రవర్తన కావాలో ప్రకటించుకోవాలని, ప్రకటించకపోతే పాత పద్ధతే చెల్లుతుందని ప్రతిపాదించింది. వెబ్ స్టాండర్డ్స్ ఉద్యమంలోనే కొందరు సమర్థించారు, కొందరు మండిపడ్డారు. ఆ మార్చిలో మైక్రోసాఫ్ట్ వెనక్కి తగ్గి, అడగకపోయినా ప్రమాణమే వర్తిస్తుందని ప్రకటించింది.

ప్రిఫిక్స్‌లు మిగిల్చిన బాకీ

ప్రమాణం ఖరారయ్యేదాకా కొత్త ధర్మాలను బ్రౌజర్లు తమ గుర్తుతో విడుదల చేయాలన్నది మంచి ఉద్దేశంతో పెట్టుకున్న ఆనవాయితీ. వెబ్‌కిట్ (సఫారీ, క్రోమ్), మోజ్ (ఫైర్‌ఫాక్స్), ఎంఎస్ (మైక్రోసాఫ్ట్), ఓ (ఒపెరా) అనే నాలుగు ప్రిఫిక్స్‌లు అలా వచ్చాయి. డెవలపర్ నాలుగూ రాసి, చివర్లో అసలు పేరు రాయాలి. 2007లో ఐఫోన్ వచ్చాక మొబైల్ సైట్లు చేసినవారు చాలామంది వెబ్‌కిట్ ఒక్కటే రాసి ఊరుకున్నారు. ఆ సైట్లు ఒపెరాలో, ఫైర్‌ఫాక్స్‌లో బోసిగా కనిపించేవి. తప్పు బ్రౌజర్‌ది కాకపోయినా వాడేవారు బ్రౌజర్‌నే తిట్టుకున్నారు.

2012 ఫిబ్రవరిలో సీఎస్ఎస్ వర్కింగ్ గ్రూపు సహాధ్యక్షుడు డానియెల్ గ్లాజ్మన్ ఈ ధోరణి ఆపమని బహిరంగంగా పిలుపిచ్చారు. ఫలితం లేకపోయింది. ఆ ఏప్రిల్‌లోనే ఒపెరా కొన్ని వెబ్‌కిట్ ప్రిఫిక్స్‌లను తన ఇంజిన్‌లో, అంటే పేజీని తెరమీద గీసే భాగంలో, గుర్తిస్తానంది. మరుసటి ఏడాది తన ఇంజిన్‌నే వదులుకుంది. 2016లో ఫైర్‌ఫాక్స్ 49 కూడా వెబ్‌కిట్ పేర్లకు తలొగ్గింది. ఇప్పుడు ఆ పేర్లు డబ్ల్యూహాట్‌డబ్ల్యూజీ పొంతన ప్రమాణంలో అధికారికంగా నమోదై ఉన్నాయి. వాడుకవాదం గురించి పైన చెప్పిన ప్రమాదం ఇదే: ఒక కంపెనీ ప్రయోగంగా పెట్టిన పేరు అందరికీ శాశ్వత నియమమైంది. 2013లో వెబ్‌కిట్ నుంచి విడిపోయిన క్రోమ్ ఇంజిన్ బ్లింక్ కొత్త ప్రిఫిక్స్‌లు పెట్టనని నిర్ణయించుకుంది. ప్రయోగదశలోని ధర్మాలు ఇప్పుడు బ్రౌజర్ సెట్టింగ్‌ల వెనక ఉంటున్నాయి. ఇది నిజమైన మెరుగు.

తేలినది

సమస్య తీరిందనేవారి పక్షాన గట్టి ఆధారాలున్నాయి. 2017 మార్చి ఒక్క నెలలోనే ఫైర్‌ఫాక్స్ 52, క్రోమ్ 57, సఫారీ 10.1 పేజీని అడ్డ, నిలువు వరసలుగా అమర్చే సీఎస్ఎస్ గ్రిడ్‌తో వచ్చాయి. అంతకుముందు ఫ్లెక్స్‌బాక్స్ మూడు వేర్వేరు సింటాక్స్‌లతో డెవలపర్లను తిప్పలు పెట్టిన చోట, గ్రిడ్ సిద్ధమయ్యాకే తలుపు తెరుచుకుంది. బ్రౌజర్ కంపెనీలు కలిసి నడిపే వెబ్-ప్లాట్‌ఫామ్-టెస్ట్స్ అనే పరీక్షల భాండారం ఇప్పుడు అందరికీ ఉమ్మడి కొలబద్ద. 2021లో కాంపాట్ పేరుతో ఒక ప్రయత్నం మొదలైంది; 2022 నుంచి ఇంటరాప్ పేరుతో యాపిల్, గూగుల్, మైక్రోసాఫ్ట్, మొజిల్లా, ఇగాలియా, బొకూప్ సంస్థలు ప్రతి ఏటా కొన్ని అంశాలు ఎంచుకుని, తేడాలు సరిచేస్తూ, మార్కులు బహిరంగంగా ప్రకటిస్తున్నాయి. 2023 నుంచి బేస్‌లైన్ అనే గుర్తింపు ఉంది: ముఖ్యమైన బ్రౌజర్లన్నిటిలోకీ వచ్చి 30 నెలలు దాటితే ఆ ధర్మాన్ని విస్తృతంగా అందుబాటులో ఉన్నదానిగా లెక్కిస్తారు.

వేగం మాత్రం ఇంకా సమానం కాలేదు. సబ్‌గ్రిడ్ ఫైర్‌ఫాక్స్‌లో 2019 డిసెంబర్‌లో వస్తే సఫారీకి 2022 దాకా, క్రోమ్‌కు 2023 సెప్టెంబర్ దాకా పట్టింది. 'హ్యాజ్' సెలెక్టర్‌లో వరస తారుమారు: సఫారీ ముందు, ఫైర్‌ఫాక్స్ చివర. ఎప్పుడూ వెనకబడేది ఫలానా బ్రౌజరే అనే మాట ఇప్పుడు చెల్లదు.

తేలనిది

మొదటి చిక్కు ఇంజిన్ల సంఖ్య. మైక్రోసాఫ్ట్ 2018 డిసెంబర్‌లో తన ఇంజిన్ వదిలి క్రోమ్‌కు మూలమైన క్రోమియంకు మారుతున్నట్టు ప్రకటించింది. ఎక్స్‌ప్లోరర్ 11కు 2022 జూన్ 15న సెలవిచ్చింది. మిగిలినవి బ్లింక్ (క్రోమ్, ఎడ్జ్), వెబ్‌కిట్ (సఫారీ), గెకో (ఫైర్‌ఫాక్స్). ఒకే ఇంజిన్ ఉంటే పొంతన సమస్యే ఉండదు కదా అనేవారున్నారు. 2001లో ఎక్స్‌ప్లోరర్ 6 తర్వాత పోటీ లేక ఐదేళ్లపాటు కొత్త వెర్షనే రాని చరిత్ర వారికి జవాబు. ఇంకో కోణం ఐఫోన్‌ది. అక్కడ ఏ బ్రౌజరైనా వెబ్‌కిట్ మీదే నడవాలన్నది యాపిల్ నియమం. యూరోపియన్ యూనియన్ చట్టం కారణంగా 2024 మార్చిలో, ఆ దేశాల వరకు, మినహాయింపు దొరికింది. ఈ నియమం పోటీని చంపుతోందని కొందరంటే, అది పోతే క్రోమియం ఒక్కటే మిగులుతుందని మరికొందరు భయపడుతున్నారు. రెండూ నిజం కావచ్చు. అందుకే ఇది తేలడం లేదు.

రెండో చిక్కు పాత పరికరాలు. కొత్త వెర్షన్ల మధ్య పొంతన కుదిరింది. కొత్త వెర్షన్ అందని ఫోన్ల సంగతి వేరు. సఫారీ ఐఫోన్ సాఫ్ట్‌వేర్‌తోపాటే మారుతుంది కాబట్టి అప్‌డేట్లు ఆగిన ఐఫోన్‌లో బ్రౌజర్ కూడా అక్కడే ఆగుతుంది. 2017లో వచ్చి మన ఊళ్లలో లక్షల చేతుల్లోకి వెళ్లిన జియోఫోన్ కైఓఎస్ మీద నడిచేది. అందులోని కైఓఎస్ 2.5 బ్రౌజర్‌కు మూలం గెకో 48. గ్రిడ్ వచ్చింది 52లో. గ్రిడ్ మీదే ఆధారపడ్డ పేజీ అక్కడ వరసగా కిందికి పేర్చినట్టు కనిపిస్తుంది. మెట్లవారీగా రాసిన పేజీ అయితే అలా కూడా చదువుకోవచ్చు. రాయకపోతే బటన్లు ఒకదానిమీద ఒకటి పడతాయి. ఈ విషయంలో మూడో ధోరణిదే న్యాయమైన వాదన.

తెలుగు అక్షరం దగ్గర

తేలనివాటిలో మూడోది లిపి. తొలినాళ్లలో తెలుగు పత్రికల సైట్లు తలా ఒక సొంత ఫాంటుతో నడిచేవి. ఎక్స్‌ప్లోరర్‌కు ఒక రకం డైనమిక్ ఫాంటు ఫైలు, నెట్‌స్కేప్‌కు మరో రకం. ఆ రాతలను యూనికోడ్‌లోకి మార్చి చూపించే 'పద్మ' అనే యాడ్-ఆన్ ఫైర్‌ఫాక్స్‌లో తెలుగువారికి చాలాకాలం ఆధారమైంది. సీఎస్ఎస్2లోనే ఉన్న 'అట్-ఫాంట్-ఫేస్' నియమం 2.1లో తొలగిపోయి, సీఎస్ఎస్3లో తిరిగొచ్చింది. 2012లో వాఫ్ ఫాంటు ఫైలు ప్రమాణమయ్యాక ఆ చిక్కు విడిపోయింది. మండలి, రామభద్ర, ధూర్జటి వంటి తెలుగు ఫాంట్లు ఇప్పుడు గూగుల్ ఫాంట్స్ నుంచి ఏ బ్రౌజర్‌కైనా అందుతున్నాయి. జాబితాలకు ౧, ౨, ౩ అంకెలు పెట్టడానికి 'తెలుగు' అనే విలువ సీఎస్ఎస్‌లోనే ఉంది.

మిగిలినది అక్షరం నిర్మాణం. పేరాలో మొదటి అక్షరాన్ని పెద్దది చేసే 'ఫస్ట్-లెటర్' నియమం తీసుకోండి. పేరా 'స్త్రీ' అన్న మాటతో మొదలైందనుకుందాం. మనకు అది ఒక్క అక్షరం. కంప్యూటర్‌కు స, పొల్లు, త, పొల్లు, ర, ఈత్వం అనే ఆరు సంకేతాలు. యూనికోడ్ పాత విభజన ప్రకారం మొదటి ముక్క పొల్లుతో ఉన్న సకారం దగ్గరే తెగుతుంది. సంయుక్తాక్షరాన్ని కలిపి ఉంచాలన్న నియమం తెలుగుతో సహా కొన్ని భారతీయ లిపులకు 2023లో, యూనికోడ్ 15.1తో వచ్చింది. పేజీలు అప్పటికే పాతికేళ్లుగా ఉన్నాయి.

రోజూ కనిపించే ఇబ్బంది ఇంకొకటి. వార్తల సైట్లలో శీర్షికను రెండు వరసలకు కత్తిరించడానికి 'వెబ్‌కిట్-లైన్-క్లాంప్' వాడతారు. ప్రిఫిక్స్‌ల బాకీలో అందరికీ సంక్రమించిన పేరే ఇది. దానితోపాటు పెట్టె దాటిన భాగాన్ని దాచెయ్యాలి. వరసల ఎడం ఇంగ్లీషుకు సరిపోయేలా 1.2 పెట్టి ఉంటే, రెండో వరసలోని ఒత్తులు సగానికి తెగుతాయి. 'రాష్ట్రం'లో కింది ఒత్తు కనిపించదు. బ్రౌజర్లన్నీ ప్రమాణాన్ని తుచ తప్పకుండా పాటిస్తూనే, అన్నీ ఒకేలా, తెలుగును కోసేస్తాయి. పరీక్షల్లో నూటికి నూరు వచ్చినా ఇది దొరకదు, ఎందుకంటే ఇది పొంతన లోపం కాదు. కొలతలు ఏ లిపిని చూసి పెట్టారన్న ప్రశ్న. ఫాంటును బట్టి ఎడం 1.6 దాకా పెంచితే ఒత్తులు నిలుస్తాయి. ఆ సంఖ్య డిజైన్ దశలోనే పడాలి.

వెబ్-ప్లాట్‌ఫామ్-టెస్ట్స్‌లోకి పరీక్షలు ఎవరైనా రాసి పంపవచ్చు. హైదరాబాద్‌లోనూ విశాఖలోనూ అమెరికాలోనూ ఫ్రంట్-ఎండ్ పని చేస్తున్న తెలుగువారికి అందుకు కావలసిన నైపుణ్యం ఇప్పటికే ఉంది. మీరు చేసే పేజీలో ఒక శీర్షికను 'శాస్త్రజ్ఞుడు', 'స్త్రీ', 'రాష్ట్రం' వంటి మాటలతో నింపి మూడు ఇంజిన్లలోనూ చూడండి. అన్నిటిలోనూ ఒకేలా తెగితే వరసల ఎడం పెంచండి. ఒక్క ఇంజిన్‌లోనే తెగితే ఆ చోటు బొమ్మ తీసి, ఆ బ్రౌజర్ బగ్ ట్రాకర్‌లో చిన్న ఉదాహరణతో నమోదు చేయండి. ఆ ఉదాహరణనే పరీక్షగా మార్చి పంపండి.